పక్కవాద్యంలో రాజు: కింగ్ కర్టిస్

(నెలవారీ సంగీత సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. పాటల ముక్కలు వినిపించిన చోట్ల మాటలు మాత్రమే మిగిలాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? మైకు కాస్త గరగరలాడుతోంది. ఫరవాలేదు లెండి, ఇవాళ మనం మాట్లాడుకునేది కూడా గరగర గురించే.

ముందు ఒక చిన్న పరీక్ష. ఈ ముక్క వినండి. ఇరవై సెకన్లే.

నవ్వుతున్నారు. అంటే గుర్తుపట్టారు. బెన్నీ హిల్ షో అనే ఇంగ్లండు టీవీ హాస్య కార్యక్రమంలో అందరూ ఒకరి వెనక ఒకరు గబగబా పరిగెత్తుతుంటే వచ్చే సంగీతం. ఇప్పుడు ఫోన్లలో అయితే, కోతి కళ్ళజోడు ఎత్తుకుపోయినా ఇదే, పెళ్ళికొడుకు గుర్రం దిగి పారిపోయినా ఇదే. దీని పేరు 'యాకెటీ శాక్స్'. 1963లో బూట్స్ రాండాల్ఫ్ అనే ఆయన రికార్డు చేశాడు. కానీ ఇవాళ నేను మాట్లాడేది రాండాల్ఫ్ గురించి కాదు. ఈ కొక్కొక్కో ధోరణి ఆయన ఎవరి దగ్గర విన్నాడో, ఆ మనిషి గురించి.

1958. కోస్టర్స్ అనే బృందం. పాట పేరు 'యాకెటీ యాక్'. లీబర్, స్టోలర్ అనే జంట రాసి కట్టిన పాట. పాటలో ఏముంది? ఏమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు కుర్రాడికి పనులు పురమాయిస్తూ ఉంటారు. చెత్త పారబోయి, గది ఊడువు, లేకపోతే చేతిఖర్చు బంద్. కుర్రాడు గొణుగుతాడు. ఎదురు మాట్లాడకు అని ఒక బండగొంతు గదమాయిస్తుంది. అంతే పాట. రెండు నిమిషాలు కూడా లేదు. ఆ రెండు నిమిషాల్లోనే మధ్యలో ఒక శాక్సఫోన్ దూరుతుంది. వినండి.

విన్నారా? కోడి గింజలు ఏరుకుంటున్నట్టు లేదూ? టక్ టక్ టక్ అని నాలుకతో స్వరాన్ని తుంచి తుంచి విసురుతున్నాడు. ఆ కుర్రాడు పైకి అనలేని ఎదురు మాటలన్నీ ఈయన శాక్సఫోన్‌తో అనేస్తున్నాడు! పాట అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. రికార్డు మీద కోస్టర్స్ పేరుంది, రాసినవాళ్ళ పేర్లున్నాయి. శాక్సఫోన్ ఊదిన మనిషి పేరు లేదు.

ఆ పేరు కింగ్ కర్టిస్.

మన కచేరీ కరపత్రం చూడండి. గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా అని వేస్తాం. అక్షరం చిన్నదైనా పేరుంటుంది. అదే సినిమా పాటకొస్తే? ఘంటసాల గారు తెలుసు, సుశీల గారు తెలుసు. మధ్యలో పల్లవికీ చరణానికీ మధ్య ఆ వేణువు ఊదిందెవరు? మనలో ఎంతమంది చెప్పగలం? నేను చెప్పలేను. ఆ బిట్ లేకుండా మాత్రం పాట పాడలేం, నోటితోనైనా 'తరరం తరరం' అని పూరిస్తాం. న్యూయార్క్‌లో కింగ్ కర్టిస్ బతుకు చాలావరకు అదే. స్టూడియోకి వెళ్ళడం, ఇచ్చిన పది ఇరవై సెకన్లలో చెప్పాల్సింది చెప్పి పక్కకు తప్పుకోవడం. ఆ తప్పుకోవడంలోనే ఆయన గొప్పతనం ఉందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే చివర్లో పోట్లాడదాం.

ఏమిటండీ? కద్రి గోపాలనాథ్ గారిదీ ఇదే వాద్యమా అంటున్నారు. అవును, అదే కుటుంబం. గోపాలనాథ్ గారిది ఆల్టో, కాస్త చిన్నది, పై శ్రుతి. కర్టిస్‌ది టెనర్, దానికి అన్నగారు. ఒళ్ళు పెద్దది, గొంతు బొంగురు. ఒళ్ళంతా ఇత్తడే గానీ, నోటి దగ్గర పలచగా చెక్కిన రెల్లు ముక్క ఉంటుంది, రీడ్ అంటారు. ధ్వని పుట్టేది అక్కడ. మన సన్నాయికీ రెల్లే కదా. అందుకే పెళ్ళి బ్యాండులో శాక్సఫోన్ మనకి ఎప్పుడూ పరాయిగా అనిపించలేదు.

సరే, మనిషి దగ్గరికి వద్దాం. అసలు పేరు కర్టిస్ ఊస్లీ. 1934 ఫిబ్రవరి 7న టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్ వర్త్‌లో పుట్టాడు. ఊస్లీ దంపతులు అతన్నీ, అతని అక్కచెల్లెల్లో ఒకరినీ పెంచుకున్నారు. పన్నెండో ఏట శాక్సఫోన్ పట్టాడు. చదివింది ఐ.ఎం. టెరెల్ హైస్కూల్లో. నల్లపిల్లలకి వేరే బడి, తెల్లపిల్లలకి వేరే బడి ఉన్న రోజులవి. ఇది నల్లపిల్లల బడి.

ఈ బడి పేరు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే అదే బడిలో, కర్టిస్ కన్నా నాలుగేళ్ళు పెద్దవాడు ఒకడు చదివాడు. పేరు ఆర్నెట్ కోల్‌మన్. జాజ్ విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1959లో జాజ్ పద్ధతులన్నీ తిరగేసి, పెద్దపెద్దవాళ్ళ చేత తిట్లూ పొగడ్తలూ రెండూ తిన్న మనిషి. ఆయన్ని మహామేధావి అంటారు, పుస్తకాలు రాస్తారు. అదే బడి, అదే ఊరు, అదే బ్లూస్ విని పెరిగిన కర్టిస్‌ని మాత్రం 'ఆ పాప్ పాటల్లో ఊదేవాడు' అంటారు. ఒకడిది శాస్త్రీయం, ఇంకొకడిది లలితం అని మనం గీత గీసుకున్నట్టే. ఆ గీత ఆ ఊళ్ళో పిల్లలకి ఉందా? వాళ్ళకి తెలిసింది ఒక్కటే, శాక్సఫోన్ మనిషిలా మాట్లాడాలి.

టెక్సస్ టెనర్ అని ఒక బాణీ ఉంది. గోదావరి యాస, నెల్లూరు యాస అంటాం చూడండి, అలాగ. హ్యూస్టన్‌లో పెరిగిన ఇలినాయ్ జాకే 1942లో లయొనెల్ హాంప్టన్ బృందంలో 'ఫ్లయింగ్ హోమ్' అనే రికార్డులో ఒక సోలో ఊదాడు. అప్పటికి కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు. ఆ తర్వాత అమెరికాలో టెనర్ పట్టిన ప్రతి కుర్రాడూ ఆ సోలో కంఠతా పట్టాడు. జాకే తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన ఆర్నెట్ కాబ్ కూడా టెక్సస్ వాడే. గట్టిగా, బొంగురుగా, జనం కుర్చీల్లోంచి లేచేలా ఊదడం ఈ బాణీ.

ఆ గరగర ఎలా వస్తుంది? చెప్తాను. ఊదుతూనే గొంతులో కూనిరాగం తీయాలి. పెదాల దగ్గర ఒక ధ్వని, గొంతులో ఒక ధ్వని. రెండూ లోపల ఒరుసుకుని బయటికి వచ్చేసరికి గర్జనలా ఉంటుంది. తేలికలా ఉంది కదా? ఇంటికెళ్ళి ఈల వేస్తూ పాడి చూడండి, తెలుస్తుంది.

బడి అయ్యాక కర్టిస్‌కి కాలేజీలు స్కాలర్‌షిప్పులు ఇస్తామన్నాయి. వద్దనుకుని వెళ్ళి హాంప్టన్ బృందంలోనే చేరాడు. 1952లో న్యూయార్క్ చేరాడు. పద్ధెనిమిదేళ్ళు.

న్యూయార్క్‌లో ఆయన ఎవరెవరి వెనక ఊదాడో జాబితా చదవడం మొదలుపెడితే రాత్రి పదవుతుంది, వాచ్‌మన్ తాళం వేసేస్తాడు. ఒకటి రెండు చెప్తాను. 1958లో బడ్డీ హాలీ కర్టిస్‌ని న్యూ మెక్సికోలో క్లోవిస్ అనే చిన్న ఊరికి రప్పించుకున్నాడు. హాలీ అప్పటికి రాక్ అండ్ రోల్‌లో పెద్ద పేరు. ఆ ప్రయాణంలోనే హాలీ మిత్రుడు ఒకడి మొదటి రికార్డులో కూడా కర్టిస్ ఊదాడు. ఆ మిత్రుడు వేలన్ జెన్నింగ్స్, తర్వాత కంట్రీ సంగీతంలో మహామహుడు. అంటే రాక్ అండ్ రోల్, కంట్రీ, నల్లవాళ్ళ ఊపు సంగీతమైన రిథమ్ అండ్ బ్లూస్, అన్నిట్లోనూ ఈయన ఉన్నాడు. ఎక్కడికెళ్తే అక్కడి భాష.

మరి జాజ్? మీరు అడగాలనుకుంటున్నారని తెలుసు, ఎందుకంటే ఈ సభలో జాజ్ పక్షం వాళ్ళు ముందు వరసలోనే కూర్చుంటారు! 1960లో ప్రెస్టీజ్ సంస్థవాళ్ళు కర్టిస్‌తో అచ్చమైన జాజ్ ఆల్బమ్ చేశారు, 'ది న్యూ సీన్ ఆఫ్ కింగ్ కర్టిస్'. పక్కన ఎవరు? పియానో వింటన్ కెల్లీ, బేస్ పాల్ చేంబర్స్. ఇద్దరూ జాజ్ ట్రంపెట్ మహామహుడు మైల్స్ డేవిస్ మనుషులు. కార్నెట్ మీద నాట్ ఆడర్లీ, అయితే కవరు మీద ఆయన పేరు 'లిటిల్ బ్రదర్' అని వేశారు. పేరున్న జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీకి తమ్ముడు కదా, అందుకని. ఎప్పుడూ పేరు పడనివాడి ఆల్బమ్‌లో పక్కవాడి పేరు దాచారు, చూడండి తమాషా.

ఇప్పుడు ఆ ఆల్బమ్‌లోంచి కొంచెం వినండి... ఆగింది చూశారా, ఆ చోటు? కొత్తగా చేరినవాడు అయితే ఏం చేస్తాడు? పక్కన ఇంత పెద్దవాళ్ళున్నారు, నాకూ వచ్చు అని నిరూపించుకోవాలి, స్వరాలు కుమ్మరిస్తాడు. ఈయన కుమ్మరించలేదు. నాలుగు స్వరాలు అన్నాడు, ఆగాడు, కెల్లీని జవాబు చెప్పనిచ్చాడు. నా మట్టుకు నాకు ఈ ఆల్బమ్ ఆయన శిఖరం కాదు. బాగుంది, అంతే. కానీ ఆయనకి జాజ్ రాదు అనేవాళ్ళ నోరు మూయడానికి ఇది చాలు.

రెండేళ్ళకి, 1962లో, సొంత పేరు మీద 'సోల్ ట్విస్ట్' వచ్చింది. బాబీ రాబిన్సన్ పెట్టిన ఎంజాయ్ అనే చిన్న సంస్థ. మాటల్లేని పాట, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఒకటో నంబరు. దాంతో సొంత బృందం, ఊరూరా కచేరీలు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ వాయించారు కదా, యాభై అయిదు వేల పైచిలుకు జనం, ఆ రోజు ముందు వాయించిన వాళ్ళలో కింగ్ కర్టిస్ బృందం ఉంది. ఆ పిల్లల కేకల్లో ఎవరు విన్నారో దేవుడికెరుక. మరుసటి ఏడు ఆయన బృందంలో గిటారు వాయించిన కుర్రాడొకడున్నాడు, జిమీ హెండ్రిక్స్. కొద్ది నెలలే ఉన్నాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న రికార్డు దగ్గరికి వచ్చాను. కాదు, రెండు రికార్డులు.

మొదటిది 1963 జనవరి 12. మయామీలో హార్లెం స్క్వేర్ క్లబ్. నల్లవాళ్ళ పేట, నల్లవాళ్ళ క్లబ్బు. పాడేది శామ్ కుక్. రేడియోలో శామ్ కుక్ అంటే తేనె. మెత్తగా, నున్నగా, అమ్మానాన్నలు కూడా వినేలా. ఈ క్లబ్బులో ఆయన వేరు. అరుస్తాడు, గొంతు చించుకుంటాడు. ఆ వెనక కింగ్ కర్టిస్. గాయకుడు గొంతు గరగరలాడిస్తే ఈయన శాక్సఫోన్‌తో అదే గరగర తిరిగిస్తాడు. ఎవరు పాడుతున్నారు, ఎవరు ఊదుతున్నారు అని ఒక్కోసారి తేడా తెలియదు. రికార్డు కంపెనీ విని భయపడింది. ఇంత మోటుగా ఉంటే ఆ తేనె బొమ్మ చెడిపోతుందని టేపులు అటకెక్కించింది. బయటికొచ్చింది 1985లో! ఇరవై రెండేళ్ళ తర్వాత. అప్పటికి పాడినవాడూ లేడు, ఊదినవాడూ లేడు.

రెండోది మీ అందరికీ తెలిసినదే. సోల్ గాయని అరీథా ఫ్రాంక్లిన్, 'రెస్పెక్ట్'.

నేను ఈ పాట మొదటిసారి విన్నది ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంతలో కొన్న ఎల్పీలో. కవరు చెదలు తినేసింది, ప్లేటు బాగుంది. శాక్సఫోన్ సోలో రాగానే లేచి ముల్లు వెనక్కి పెట్టాను. మళ్ళీ పెట్టాను. మా ఆవిడ వచ్చి, ప్లేటు గీరుకుపోయిందా అని అడిగింది.

వెనక కథ చెప్తాను, బాగుంటుంది. 1967 జనవరిలో అట్లాంటిక్ సంస్థ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్, అరీథాని అలబామాలో మజిల్ షోల్స్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడి స్టూడియోలో వాద్యకారులు అద్భుతం. ఒక పాట పూర్తయింది, రెండోది సగంలో ఉంది, ఆ రాత్రి పెద్ద గొడవైంది. అరీథా వెళ్ళిపోయింది. స్టూడియో యజమానితో సంబంధాలు చెడ్డాయి. కానీ ఆ వాద్యకారులు కావాలి! ఏం చెప్పి రప్పించాలి? కింగ్ కర్టిస్ ఆల్బమ్ చేస్తున్నాం, మీ వాళ్ళని న్యూయార్క్ పంపండి అన్నాడు వెక్స్‌లర్. పంపారు. ఆ ఆల్బమ్ నిజంగానే చేశారు, అబద్ధమేం కాదు. దాంతోపాటు అరీథా పాటలూ చేశారు. అంటే కర్టిస్ ఆ పాటల్లో ఊదడమే కాదు, పెళ్ళికి శుభలేఖలాగా ఆయన పేరే అందర్నీ పిలుచుకొచ్చింది.

ఫిబ్రవరి 14న 'రెస్పెక్ట్' రికార్డు చేశారు. అసలు పాట ఓటిస్ రెడింగ్‌ది, 1965లో వచ్చింది. అందులో మలుపు లేదు. పల్లవి, చరణం, పల్లవి, చరణం, తిన్నగా వెళ్ళిపోతుంది. మధ్యలో ఊపిరి తీసుకునే చోటు కావాలనుకున్నారు. శామ్ అండ్ డేవ్ అనే జంట పాడిన వేరే పాటలోంచి తీగల వరస తెచ్చి ఇక్కడ అతికించారు. ఆ వరస ఈ పాట శ్రుతికి చాలా దూరం. వినండి, పాట వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి వేరే ఇంట్లోకి అడుగుపెట్టినట్టుంటుంది. ఆ కొత్త ఇంట్లో కర్టిస్ ఒక్కడే నిలబడి ఉంటాడు.

విన్నారా? మళ్ళీ వినిపించమంటారా? మళ్ళీ వినండి.

ఎనిమిది ఆవర్తాల చోటు. అందులో ఆయన ఏం చేశాడు? అరీథాతో పోటీ పడలేదు. పడితే ఓడిపోతాడు, అది ఆయనకి తెలుసు. ఆవిడ అడుగుతోంది, గౌరవం కావాలని అడుగుతోంది. ఈయన అవునమ్మా, అన్యాయమే, అన్నట్టు ఒక మాట అన్నాడు. గొంతు కాస్త పెంచాడు, ఆ పై స్వరం దగ్గర కొంచెం మూలిగాడు, ఆపేశాడు. ఆపగానే పాట సొంత ఇంటికి వచ్చేస్తుంది, ఆవిడ అందుకుంటుంది. పక్కవాద్యం అంటే ఇదీ. మన వయొలిన్ విద్వాంసులు అనుసరించడం అంటారు చూడండి, గాత్రానికి వెంట్రుకవాసి వెనక నడవడం. ఈయనకి ఆ మాట తెలియదు, పని తెలుసు.

అదే ఏడు ఇంకొకటి, ఇది సరదాది. 'మెంఫిస్ సోల్ స్ట్యూ'. మెంఫిస్‌లో అమెరికన్ సౌండ్ స్టూడియోలో చేశారు. పాట మొదట్లో కర్టిస్ వంటవాడిలా మాట్లాడతాడు. సగం టీకప్పు బేస్ వేయండి అంటాడు, బేస్ మొదలవుతుంది. ఒక పౌను డ్రమ్స్ అంటాడు, డ్రమ్స్ మొదలు. నాలుగు చెంచాల మరిగే గిటారు. చిటికెడు ఆర్గన్. ఆఖరున తన శాక్సఫోన్ సగం పింటు. అమ్మలు పులుసు పెట్టేటప్పుడు కొలతలు చెప్పినట్టే! అందరికీ తలా ఒక కొలత ఇచ్చి, అందరూ వచ్చాక తిరగమోతలాగా తను పడతాడు. 'రెస్పెక్ట్'లో బేస్ వాయించిన టామీ కాగ్‌బిల్లే ఇందులోనూ ఆ సగం టీకప్పు. నాకు ఈ పాటంటే ఎందుకిష్టమో తెలుసా? సొంత పాటలో కూడా ఈయన ముందు పక్కవాళ్ళని పరిచయం చేసి, తను ఆఖరున వస్తాడు.

'గేమ్స్ పీపుల్ ప్లే'కి 1970లో గ్రామీ వచ్చింది. అందులో గిటారు డ్యువేన్ ఆల్‌మన్, ఆల్‌మన్ బ్రదర్స్ అనే రాక్ బృందం మనిషి. ఇద్దరికీ మంచి స్నేహం.

1971 మార్చి 5, 6, 7. శాన్ ఫ్రాన్సిస్కో, ఫిల్‌మోర్ వెస్ట్. హిప్పీ కుర్రాళ్ళ అడ్డా. అప్పటికి కర్టిస్ అరీథా సంగీత దర్శకుడు. బృందం పేరు కింగ్‌పిన్స్. డ్రమ్స్ బెర్నార్డ్ పర్డీ, బేస్ జెరీ జెమోట్, గిటారు కార్నెల్ డుప్రీ, ఈయనదీ ఫోర్ట్ వర్తే. ఆర్గన్ బిలీ ప్రెస్టన్. ముందు కర్టిస్ బృందం వాయిస్తుంది, తర్వాత వాళ్ళే అరీథాకి వాయిస్తారు. చివరి రాత్రి రే చార్ల్స్ వేదిక మీదకి వచ్చాడు. ఈ కుర్రాళ్ళకి మన పాట ఎక్కుతుందా అని వెక్స్‌లర్‌కి టెన్షన్. ఎక్కింది. రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, అరీథాది ఒకటి, కర్టిస్‌ది ఒకటి. కర్టిస్‌ది ఒక్కటే కొనుక్కోగలరంటే ఇదే కొనుక్కోండి. ముప్పై ఏడేళ్ళ మనిషి, ఏం ఊదినా మాట్లాడినట్టే ఉంటుంది.

ఆ జూలైలో న్యూయార్క్‌లో జాన్ లెనన్ 'ఇమాజిన్' ఆల్బమ్‌కి రెండు పాటల్లో శాక్సఫోన్ ఊదాడు. ఆ ఆల్బమ్ సెప్టెంబరులో వచ్చింది. కర్టిస్ చూడలేదు.

ఆగస్టు 13, 1971. అర్ధరాత్రి దాటింది. న్యూయార్క్, పశ్చిమ 86వ వీధి. తన సొంత భవనం. ఎండాకాలం, ఏసీ పెట్టెని లోపలికి మోసుకెళ్తున్నాడు. మెట్ల మీద ఇద్దరు కూర్చున్నారు. తప్పుకోమన్నాడు. మాట మాట పెరిగింది. ఒకడు కత్తి తీశాడు. అంతే. గొప్ప కారణమేమీ లేదు. మెట్లు, ఏసీ, వేడి రాత్రి.

అంత్యక్రియల రోజు అట్లాంటిక్ సంస్థ ఆఫీసు మూసేసింది. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాస్టరు జెస్సీ జాక్సన్ ప్రార్థన చేయించాడు. అరీథా పాడింది. ఎన్నోసార్లు ఆయన ఆవిడ వెనక నిలబడ్డాడు, ఆ రోజు ఆవిడ ఆయన కోసం పాడింది. జనం లోపలికి వస్తున్నంతసేపూ కింగ్‌పిన్స్ ఒకటే పాట వాయిస్తూ ఉన్నారు, దాదాపు గంట. అది కర్టిస్ 1964లో చేసిన 'సోల్ సెరెనేడ్'. ఆ నెలాఖర్లో డ్యువేన్ ఆల్‌మన్ తన కచేరీలో వేరే పాట మధ్య నుంచి గిటారు మీద ఆ 'సోల్ సెరెనేడ్'లోకి వెళ్ళాడు. మిత్రుడి పేరు చెప్పి వాయించాడు. రెండు నెలలకి అక్టోబరులో, మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్యువేన్ కూడా పోయాడు. ఇరవై నాలుగేళ్ళు.

2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కర్టిస్‌కి చోటిచ్చారు. ఏ విభాగంలోనో తెలుసా? సైడ్‌మెన్. అంటే పక్కవాద్యకారులు. ఆ ఏడే మొదలుపెట్టిన విభాగం.

ప్రశ్నలుంటే కాసేపాగి అడగండి, ముందు ఒకటి వినిపిస్తాను. ఫిల్‌మోర్ వెస్ట్‌లో ఆయన వాయించిన 'సోల్ సెరెనేడ్'. మొదటి పలుకు పలికాక ఒక ఖాళీ వస్తుంది, అక్కడ కార్నెల్ డుప్రీ గిటారు మెల్లిగా ఏదో అంటుంది. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు. ఆ ఖాళీ కోసం వినండి. ఎవరైనా ఆ ఫ్యాన్ ఒక్కటీ ఆపండి, చప్పుడు చేస్తోంది.